ఒరే అల్లుడూ, ఆ స్పానిష్ క్రియల టేబుల్ గోడ మీంచి పీకెయ్

ఈక్వెడార్‌లో గ్వయాకిల్ ఊరి దగ్గర రొయ్యల చెరువుల్లో ఉద్యోగం వచ్చిందని అక్క చెప్పింది. భీమవరంలో చేసిన పనే కదా, చెరువు నీకేం కొత్త కాదు, చిక్కల్లా భాషే. స్పానిష్ క్రియలు ఎక్కాల్లా వల్లె వేస్తున్నావంట, అలా రాదురా.

నేను ఓడెక్కిన కొత్తలో మెస్‌లో "యో కొమేర్" అన్నా, అంటే "నేను తినుట" అన్నట్టు, వంటాయన గరిటె పక్కనెట్టి మరీ నవ్వాడు. అసలు మనకిది తెలిసిన విద్యే. తింటాను, తింటావు, తింటాం అని తోక మారుస్తాం, నేను నువ్వు అనక్కర్లేదు, వాళ్ళూ అంతే. కొమేర్‌లో చివరి ఏర్ కోసేసి కోమో అంటే తింటాను, కోమెస్ తింటావు, కోమె తింటాడు, కొమేమోస్ తింటాం, కోమెన్ అంటే ఎక్కువమంది తింటారు. తింటాడుకీ తింటుందికీ ఒకటే మాట, ఆడా మగా గొడవ లేదు, అక్కడ మనకంటే సుఖం. తింటున్నాను అనడానికి కూడా చాలాసార్లు కోమోయే సరిపోద్ది.

ఆర్‌తో ముగిసే గుంపు మాటలకి ఎ బదులు ఆ పెట్టు: ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లా, అబ్లామోస్, ఆబ్లాన్, అంటే మాట్లాడటం (ముందు హెచ్ రాస్తారు, పలకరు). ఈ ఆబ్లోలో మొదటి అక్షరం నొక్కు, చివర నొక్కితే "ఆయన మాట్లాడాడు" అయిపోద్ది. ఈర్‌తో ముగిసే గుంపు కూడా కొమేర్ లాగే, "మేం" దగ్గర ఒక్కటే తేడా, బిబీమోస్, ఉంటున్నాం అని. స్పెయిన్లో "మీరందరూ" అనడానికి ఇంకో రూపం ఉంది, ఈక్వెడార్‌లో అక్కర్లేదు, వదిలెయ్.

మన గోదారోళ్ళం జారేది ఉస్తేద్ దగ్గర. ఉస్తేద్ అంటే గౌరవంగా మీరు అని, కానీ దానికి "తింటాడు" తోకే తగిలిస్తారు. ఆయ్, అండి అంటూ పెరిగిన నోరు కదా, పెద్దాయన్ని పట్టుకుని కోమె అనడానికి రాలేదు నాకు, మర్యాద ఎక్కువై కెప్టెన్ని "కోమెన్?" అని అడిగేవాణ్ణి, పాపం ఆయన ఇంకెవరున్నారా అని వెనక్కి తిరిగి చూసేవాడు.

అందుకే నిలువుగా బట్టీ పట్టకు, జతగా అను. కోమెస్? కోమో. ఆబ్లాస్? ఆబ్లో. బిబెస్? బిబో. ఎవరైనా అడిగేది "వు", నువ్వు చెప్పేది "ను", రోజంతా నడిచేది ఈ రెండే. మీ అమ్మకి "కోమెస్?" అనడం నేర్పేశా, రేపు కంచం ముందు అడుగుద్ది, తల ఊపి ఊరుకోకు.

మీ మావయ్య