గడప దగ్గర ఆగని రక్తపిశాచి

మల్లేశ్వరం, బెంగళూరు

అమ్మా, ఆశీస్సులు.

మీ నవల రాతప్రతి, దానికి జతచేసిన ఏడుగురు పాఠకుల అభిప్రాయాలు నాకు అంది ఇరవై రోజులైంది. నవలను రెండుసార్లు, అభిప్రాయాలను మూడుసార్లు చదివాను. జవాబు ఆలస్యం కావడానికి కారణం మీ పద్నాలుగో అధ్యాయం. దాని మీద వచ్చిన కోపం చల్లారిన తర్వాతే కలం పట్టుకుందామనుకున్నాను. కోపం పూర్తిగా తగ్గలేదు గాని, ఇంకా ఆలస్యం చేస్తే మీరు అన్నంత పనీ చేసి ఫైలు చెరిపేస్తారేమోనన్న భయం దాన్ని మించిపోయింది.

మూడో అధ్యాయంలో మీ రక్తపిశాచి జయనగరంలోని ఆ పాత ఇంటి ముందు వానలో తడుస్తూ నిలబడి ఉంటాడు. లోపల వత్తులు చేసుకుంటున్న నాయనమ్మ, వచ్చినదెవరో తలెత్తి కూడా చూడకుండా, "గుమ్మంలో నిలబడ్డావేం నాయనా, లోపలికి రా" అంటుంది. పాలవాడితోనూ, కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చిన కుర్రాడితోనూ నలభై ఏళ్లుగా ఆమె అంటున్న మాటే అది. ఆ పేజీ దగ్గర నా కళ్లు చెమర్చాయి. అంతటి పేజీ రాసిన చేయి, పద్నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి అదే రక్తపిశాచిని ఎవరూ పిలవకుండానే మారతహళ్లి అపార్టుమెంటు ఏడో అంతస్తు బాల్కనీ మీదుగా కథానాయిక గదిలోకి ఎలా దింపగలిగింది? ఇంటివాళ్లు పిలవనిదే అతడు గడప దాటలేడని మొదటి అధ్యాయంలో ప్రమాణం చేసినట్టు చెప్పినది మీరే కదా.

ఇప్పుడు మీ పాఠకుల సంగతి. సగం దాటాక పట్టు సడలిందని ఒకరు, అతడంటే భయం పోయిందని ఒకరు, ప్రేమ తొందరగా తేలిపోయిందని మరొకరు రాశారు. మీరు వీటిని మూడు వేర్వేరు జబ్బులుగా భావించి, పట్టు కోసం తోడేలు మనుషుల తెగను, భయం కోసం రెండు హత్యలను, ప్రేమ కోసం కొడగు ప్రయాణాన్ని చేర్చాలని తలపెట్టారు. దయచేసి ఒక్కటి కూడా చేర్చకండి. ముగ్గురూ వేలు పెట్టి చూపించినది ఆ బాల్కనీనే. పిలుపు లేకుండా లోపలికి రాగలిగినవాడు ఇక ఎక్కడికైనా వస్తాడు గనుక పట్టు పోయింది. ఎక్కడికైనా రాగలిగినవాడిని ఆపడానికి చేయగలిగిందేమీ లేదు గనుక భయం పోయింది. ఆ అమ్మాయి అతడిని తన నోటితో లోపలికి పిలిచే క్షణమే లేకుండా పోయింది గనుక ప్రేమా పోయింది. ఈసారి ఎవరికైనా చదవమని ఇచ్చినప్పుడు ఎలా ఉందని అడగకండి. ఏ పేజీ దగ్గర పుస్తకం పక్కన పెట్టి టీ పెట్టుకోవడానికి లేచారో అడగండి.

పగటి వెలుగులో తిరిగే వాంపైర్ ఉండదని, ఎండ తగిలితే కాలి బూడిద కావాలని మీ ఐదో పాఠకుడు గట్టిగా వాదించాడు. మీరు బెదిరిపోయి మూడు సన్నివేశాలను రాత్రికి మార్చేశారు. 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన ఇంగ్లిషు నవలలో రక్తపిశాచి డ్రాకులా లండన్ వీధుల్లో పట్టపగలే తిరుగుతాడు. పగటిపూట అతడి శక్తులు తగ్గుతాయి, అంతే. ఎండకు నశించిపోవడమన్నది 1922 నాటి జర్మన్ మూగచిత్రం నోస్ఫెరాటుతో వాడుకలోకి వచ్చింది. అంటే పిశాచానికి నియమం పెట్టే హక్కు ప్రతి రచయితకూ ఉంది. పెట్టిన తర్వాత దాన్ని తప్పే హక్కు మాత్రం ఎవరికీ లేదు. స్టోకర్ తన పిశాచం ఎంత బలవంతుడైనా సొంత నేల మట్టిలోనే పడుకోవాలన్నాడు. అన్నందుకు ఆ మట్టిని యాభై పెట్టెల్లో నింపి ఓడలో ఇంగ్లండుకు చేర్పించాడు. ఆ పెట్టెల లెక్క చూసుకుంటూ వెంటాడినవాళ్ల వల్లనే నవల రెండో సగం నడిచింది. నియమం తప్పించి ఉంటే ఆ కథ లండన్ చేరిన రోజునే అయిపోయేది.

అంతకు పాతికేళ్ల ముందు, 1872లో, లె ఫాను రాసిన కార్మిల్లా అనే రక్తపిశాచి కథ ఇంకా మన ఇళ్లకు దగ్గరగా ఉంటుంది. బండి బోల్తాపడి సొమ్మసిల్లిన ఆడపిల్లను, దారిన పోయేవారి మీద జాలితో, ఒక తండ్రి తన ఇంట్లోకి ఆహ్వానిస్తాడు. ఆ పిల్లే తన కూతురి ప్రాణానికి ముప్పు. ఆదరించి పిలిచిన పిలుపే అపాయమవుతుందన్న ఊహ మీ నాయనమ్మ పేజీలోనూ ఉంది. వచ్చినవాళ్లను గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడితే తప్పుగా భావించే మనవాళ్ల మధ్య, గడపకు పసుపు రాసి బొట్టు పెట్టే ఇళ్ల మధ్య, పిలుపు కోసం కాచుకునే పిశాచానికి ఎంత కథ ఉందో మీకు తెలిసి కూడా, ఎక్కడివో తోడేళ్ల వైపు చూస్తున్నారు.

1990ల్లో ఈ ఊళ్లో ఇంటింటి తలుపు మీద "నాళె బా" అని రాసుకున్న రోజులు నాకు బాగా గుర్తు. మనవైపు "ఓ స్త్రీ రేపు రా" అని రాసినట్టే, ఇక్కడ కన్నడంలో రేపు రమ్మని రాశారు. రాత్రివేళ ఒక ఆడదయ్యం అయినవాళ్ల గొంతుతో తలుపు కొడుతుందని, తలుపు మీద రాసినది చదువుకుని మర్నాడు వద్దామని వెళ్లిపోతుందని, మర్నాడూ అదే మాట చదివి మళ్లీ వెళ్లిపోతుందని చెప్పుకునేవారు. మా ఇంటి తలుపు మీద యజమానురాలే సుద్దముక్కతో రాసిపెట్టింది. మా అమ్మకు కన్నడం రాదు గాని, రెండు లిపులూ అక్కాచెల్లెళ్లు గనుక కూడబలుక్కుని చదివేసింది. ఒక శుక్రవారం పొద్దున గడప కడిగి తలుపు కూడా తడిబట్టతో తుడిచేసరికి ఆ అక్షరాలు చెరిగిపోయాయి. సాయంత్రం చీకటి పడుతుండగా అమ్మ నా చేతికి సుద్దముక్క ఇచ్చి, "నువ్వు రాస్తావుగా, రాయి" అంది. అప్పటికి పన్నెండేళ్లుగా కథలు రాస్తున్నాను. తడి ఆరని చెక్క మీద సుద్ద జారిపోతుంటే ఆ రెండు మాటలనూ మూడుసార్లు దిద్దాను. నా రాతను ఒకరు అక్షరం అక్షరం చదువుతారని, చదివినదానికి కట్టుబడతారని నమ్మి రాయడం నాకు అదే మొదటిసారి. అవతలి పక్క కూడా మాట మీద నిలబడుతుందన్న నమ్మకం లేకపోతే ఊరంతా సుద్దముక్కలు పట్టుకునేది కాదు.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. వారపత్రికల సీరియళ్లు రాజ్యమేలుతున్న 1980ల్లో ఒక పత్రికకు దయ్యం కథ ఒకటి రాశాను. అందులో చనిపోయిన ఇల్లాలు, తనను పేరు పెట్టి పైకి పిలిచినవారికే కనిపిస్తుంది. ఐదో వారం వచ్చేసరికి, దయ్యం అందరికీ కనిపిస్తే కథ జోరందుకుంటుందని పది ఉత్తరాలు వచ్చాయని, ముఖచిత్రానికి కూడా బాగుంటుందని సంపాదకుడు కబురు చేశాడు. క్షుద్రశక్తుల నవలలు విరగబడి అమ్ముడవుతున్న కాలం. పేజీకి ఒక నిమ్మకాయ, ఒక పుర్రె లేకపోతే పాఠకుడు పేజీ తిప్పడని వాళ్లకొక మూఢనమ్మకం. ఇంటి అద్దె కట్టాలి గనుక మార్చాను. రెండు వారాల తర్వాత రాజమండ్రి నుంచి ఒక గృహిణి రాసిన పోస్టుకార్డు వచ్చింది: "ఇన్నాళ్లూ ఆమె పేరు పొరపాటున కూడా పైకి అనకుండా, పెదవులు బిగించుకుని చదివాను. ఇక ఆ అవసరం లేదన్నమాట." ఆ పది ఉత్తరాలు ఎవరు రాశారో నాకు ఎప్పటికీ తెలియలేదు. ఈ కార్డు మాత్రం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. పదమూడో వారంతో సీరియల్ ముగించమన్నారు, ముగించాను. ఆ సంపాదకుడిని నేను క్షమించలేదు. ఆయన మాట విన్నందుకు నన్ను నేనూ క్షమించుకోలేదు. ఇప్పటివాళ్లు నిమ్మకాయల స్థానంలో ప్రతి అధ్యాయానికీ ఒక ట్విస్టు అడుగుతున్నారని విన్నాను. మీ బాల్కనీ అలాంటి గిరాకీ కోసమే పుట్టిందని నా అనుమానం.

వాంపైర్ మనది కాదు, తెలుగులో ఎందుకని మీ ఏడో పాఠకుడు అడిగిన ప్రశ్నకు మీరు చాలా నొచ్చుకున్నారు. శవంలో చేరి చెట్టుకు వేలాడే బేతాళుడు ఎవరివాడో ఆయనను అడగండి. 11వ శతాబ్దంలో కాశ్మీర సోమదేవుడు కథాసరిత్సాగరంలో చెప్పినప్పటి నుంచి మన చందమామ దాకా ఆ కథల్లో నియమం సడలలేదు: రాజు నోరు విప్పితే బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు, జవాబు తెలిసి విప్పకపోతే రాజు తల పగులుతుంది. ఇన్ని తరాలుగా పిల్లలు ఆ చెట్టు దగ్గరికి తిరిగి తిరిగి వెళ్లినది అందుకే. గుణాఢ్యుడి సంగతీ మరిచిపోకండి. శాతవాహనుల కాలపు ఆ కవి ఏడు లక్షల శ్లోకాల బృహత్కథను పైశాచీ భాషలో, సిరా దొరకక సొంత రక్తంతో రాశాడని కథ. పిశాచభాష, పైగా నెత్తురు రాత అని రాజు తిరస్కరిస్తే, అడవిలో నిప్పు రాజేసి ఒక్కొక్క పత్రమే మృగాలకు చదివి వినిపిస్తూ కాల్చేశాడు. మేత మాని, కన్నీళ్లతో విన్నాయట అవి. రాజు తెలుసుకుని పరుగెత్తుకొచ్చేసరికి ఆరు లక్షలు బూడిదై, ఒక్క లక్ష మిగిలింది. ఫైలు చెరిపేస్తానన్నారు కదా, ఆయన కాల్చే ముందు ప్రతి పత్రాన్నీ గొంతెత్తి చదివాడు. మీరు మీ పద్నాలుగో అధ్యాయాన్ని ఒక్కసారైనా పైకి చదువుకున్నారా? చదివి ఉంటే బాల్కనీ దగ్గర మీ గొంతే ఆగిపోయేది.

నాకు తోచిన ఒక దారి చెబుతాను, నచ్చితే తీసుకోండి. మూడో అధ్యాయం చివర అతడు తెల్లవారకముందే చెప్పాపెట్టకుండా మాయమవుతున్నాడు. అలా వద్దు. గుమ్మంలో ఆగి "వెళ్తాను" అననివ్వండి. నాయనమ్మ ఊరుకోదు కదా, "వెళ్తానంటారా నాయనా, వెళ్లొస్తానను" అని దిద్దుతుంది. అతడు కాసేపు మౌనంగా ఉండి, ఆమె చెప్పినట్టే అంటాడు. మళ్లీ రావడానికి అనుమతి ఆమె నోటి నుంచే దొరికింది, అదీ ఆ ఒక్క ఇంటికి. మారతహళ్లి తలుపు అతడికి మూసే ఉంది. అక్కడికి వచ్చేటప్పటికి నాయనమ్మ పోయి ఆరు నెలలవుతుంది. గంట మోగుతుంది, తలుపు కెమెరాలో ఖాళీ వరండా తప్ప ఏమీ కనిపించదు, చెక్కకు అవతలి నుంచి నాయనమ్మ గొంతు మనవరాలిని పేరు పెట్టి పిలుస్తుంది. తర్వాత ఆ అమ్మాయి ఏం చేస్తుందో నాకు తెలియదు, మీకే తెలియాలి.

ప్రచురణకర్తల గురించి, అట్ట గురించి అడిగినవాటికి ఈ ఉత్తరంలో చోటు లేదు. రాతప్రతిని రేపు స్పీడ్ పోస్టులో తిప్పి పంపుతున్నాను. అంచుల్లో పెన్సిలు గీతలు ఉంటాయి, మూడో అధ్యాయంలో మాత్రం ఎక్కడా గీయలేదు. పద్నాలుగో అధ్యాయం ఒక్కటే మళ్లీ రాసి, పైకి చదువుకుని, నాకు పంపండి. వీలైతే కాగితం మీద పంపండి, ఫోను తెర మీద నా కళ్లు ఎక్కువసేపు నిలవడం లేదు.

శుభాకాంక్షలతో,
మీ శ్రేయోభిలాషి