అరవై దాటాక సైకిల్ మీద దూరయాత్ర, టెంట్‌లో నిద్ర: కుదురుతుందా?

మీకు 62 ఏళ్లు, రోజూ పాతిక కిలోమీటర్లు తొక్కే అలవాటుంది, సామాను కట్టుకుని పది పదిహేను రోజులు తిరుగుతూ రాత్రిళ్లు ఆరుబయటే టెంట్ వేసుకోవాలని ఉంది, కాళ్లు సహకరిస్తాయా అని అడిగారు. నేను 59లో మొదలుపెట్టాను, ఇప్పుడు 66. కాళ్లు సహకరిస్తాయండీ. నన్ను ఏడిపించినవి రాత్రులే.

మెల్లగా తొక్కుతున్నంతసేపు వయసు పెద్దగా గుర్తుకు రాదు. పొద్దున నేల మీంచి లేచేటప్పుడు వస్తుంది. బయల్దేరే ముందు రెండు నెలలపాటు నేను రోజూ ఇంట్లో కింద పడుకుని, దేన్నీ పట్టుకోకుండా లేవడం ప్రాక్టీసు చేశాను. ఇంట్లోవాళ్లు నవ్వారు. మీరూ చేయండి, సైకిల్ కొనడం కన్నా ముందు.

మొదటి యాత్రలో నా సామాను 22 కిలోలు. నాలుగు జతల బట్టలు పెట్టుకుని, బరువు తగ్గుతుందని మ్యాట్ మాత్రం సన్నది తీసుకున్నాను. మూడో రాత్రి తుంటి నొప్పితో కన్ను మూతపడలేదు. నాలుగో రోజు ఆ చిరాకులో ఒక ఎత్తును పెద్ద గేరులోనే ఎక్కేద్దామని పంతానికి పోయాను, మోకాలు పట్టేసింది. మర్నాడు సైకిల్ని బస్సెక్కించి ఇంటికి వచ్చేశాను.

ఇప్పుడు మొత్తం సామాను 13 కిలోలు, మ్యాట్ మాత్రం గాలి నింపేది, 8 సెంటీమీటర్ల మందం. పక్కకి తిరిగి పడుకునేవాళ్లకి సన్నది పనికిరాదు. కొనేటప్పుడు దాని ఆర్ వాల్యూ చూడండి. నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె అది. చల్లటి రాత్రులకి 3కి తగ్గకూడదు. మంచి స్లీపింగ్ బ్యాగ్ ఉంది కదా అనుకోకండి. మన బరువుకి కిందివైపు నలిగిపోతుంది, ఇక అటువైపు అది వెచ్చదనం ఇవ్వదు.

గేర్ల విషయంలో సిగ్గు వద్దు. పెడళ్ల దగ్గరి పళ్లచక్రానికి 22 పళ్లు, వెనక చక్రం దగ్గరి దానికి 36 పళ్లు ఉంటే ఎత్తుల మీద నడక వేగంతో, మోకాలికి బరువు పడకుండా ఎక్కొచ్చు. అదీ కష్టమైతే దిగి తోయడమే. తొక్కుతూ పూర్తి వాక్యం మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైనట్టు. మొదటి మూడు రోజులూ 40 కిలోమీటర్లు దాటొద్దు, నాలుగో రోజు సెలవు. వయసు పెరిగేకొద్దీ దాహం సరిగ్గా తెలియదు కాబట్టి గడియారం చూసి నీళ్లు తాగండి.

టెంట్ వేసే చోటు సూర్యాస్తమయానికి రెండు గంటల ముందే వెతకడం మొదలుపెట్టండి. ఒకసారి వాగు పక్కన పల్లంలో, చూడ్డానికి ఎంతో బాగుందని వేశాను. చల్లగాలి పల్లంలోకే దిగుతుంది, తెల్లారేసరికి టెంట్ లోపల కూడా మంచు కారుతోంది. కాస్త మెరకలో, పైన ఎండుకొమ్మలు లేని చోటు మేలు. చట్టం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. నార్వేలో సాగులో లేని నేల మీద ఇళ్లకి 150 మీటర్ల దూరం పాటిస్తే రెండు రాత్రుల వరకు ఎవర్నీ అడగక్కర్లేదు. ఇంగ్లండ్‌లో చాలా చోట్ల యజమాని అనుమతి కావాల్సిందే. అడగాల్సి వస్తే మొహమాటపడకండి, నెరిసిన జుట్టు చూసి కాదన్నవాళ్లు నాకు తక్కువే తగిలారు.

ఎవరూ రాయని సంగతొకటి: రాత్రి మూత్రానికి రెండుసార్లు లేవాల్సి వస్తుంది. వెడల్పు మూతి సీసా ఒకటి టెంట్‌లో ఉంచుకోండి, మూతకి గుర్తు పెట్టుకోండి. బీపీ మాత్రలు వేసుకుంటుంటే లేచి కూర్చుని ఒక నిమిషం ఆగాకే నిలబడండి, కళ్లు తిరుగుతాయి. మాత్రల్ని రెండు సంచుల్లో పంచి పెట్టుకోండి, ఎండలో అవి ఎలా పనిచేస్తాయో డాక్టర్ని అడిగి వెళ్లండి. దగ్గరి చూపు కళ్లద్దాలూ రెండు జతలు. నాకున్న ఒక్క జత విరిగాక పంచరైంది, టైరులో ముల్లు ఎక్కడుందో కనబడక వేలితో తడిమి తీశాను, వేలికీ గుచ్చుకుంది.

ఈ శనివారం రాత్రి టెంట్‌ని పెరట్లోనో మేడ మీదో వేసుకుని పడుకోండి. పొద్దున ఎలా లేచారో చెప్పండి, ఏ సైకిల్ కొనాలో అప్పుడు చూద్దాం.