పూల్‌లో రెండు కోట్ల ప్రైజ్‌మనీ గురించి

కావలి తమ్ముడూ, "పూల్ వరల్డ్ ఛాంపియన్‌కి రెండు కోట్లంట, ఉద్యోగం మానేసి ఆటలో దిగనా?" అని అడిగావు. టేబుల్ మీద కర్రతో బంతుల్ని గుంటల్లో వేసే ఈ ఆటలో ఆ అంకె నిజమే. 2024లో సౌదీలోని జెడ్డాలో వరల్డ్ ఛాంపియన్ అయిన ఫెడోర్ గోర్స్ట్ 2,50,000 డాలర్లు గెలిచాడు. కానీ మొత్తం ప్రైజ్‌మనీ 10 లక్షల డాలర్లు, ఆడింది 128 మంది. నాలుగో వంతు ఒక్కడికే పోయింది. కింది రౌండ్లలో ఓడినవాళ్లకి విమానం టికెట్, హోటల్ ఖర్చు తీసేస్తే ఏం మిగులుతుందో నువ్వే లెక్కేసుకో.

పైగా ప్రకటించినదంతా చేతికొస్తుందని నమ్మకం లేదు. 2006లో ఐపీటీ (ఇంటర్నేషనల్ పూల్ టూర్) అనే అమెరికన్ పోటీల సంస్థ, అక్కడి రీనో ఊళ్లో గెలిచిన ఫిలిప్పీన్స్ దిగ్గజం ఎఫ్రెన్ రేయెస్‌కి 5 లక్షల డాలర్లంది. తర్వాత చేతులెత్తేసింది, ఆటగాళ్లు బాకీల కోసం తిరగాల్సొచ్చింది. రేయెస్ అంతటోడికే ఆ తిప్పలు!

ఉద్యోగం మానొద్దయ్యా. ముందు నువ్వు ఆడేది 12 అడుగుల స్నూకర్ టేబులా, 9 అడుగుల పూల్ టేబులా చూసుకో. వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఆడేది 9 అడుగుల దాని మీదే, అదీ నైన్‌బాల్, అంటే తొమ్మిది నంబరు బంతుల ఆట. బంతుల్ని చెదరగొట్టే మొదటి దెబ్బ, అదే బ్రేక్ షాట్‌లో, బంతి పడకపోతే వంతు అవతలివాడిది, నువ్వు కుర్చీలో కూర్చుని చూడ్డమే. అలాంటి టేబుల్ నెల్లూరు, ఒంగోలులో దొరక్కపోతే ఆదివారం చెన్నై రైలెక్కు, రాత్రికి తిరిగొచ్చేయొచ్చు.