విజయరహస్యం అడగకు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే శనివారం హైదరాబాదు రాయదుర్గంలో, మీ కాలేజీలో చదివి ఇప్పుడు ఒక పెద్ద కంపెనీలో డైరెక్టరుగా ఉన్నావిడను కలుస్తున్నానని రాశావు. సంతోషం. నువ్వు పంపిన ప్రశ్నలు చదివాను. 'మీ విజయరహస్యం ఏమిటి?' అన్నది ముందు కొట్టెయ్యి. దానికి ఎవరైనా సన్మాన సభలో చెప్పే మాటలే చెబుతారు: కష్టం, క్రమశిక్షణ, అమ్మానాన్నల దీవెన. అవి అబద్ధాలని కాదు, వాటితో సోమవారం పొద్దున నువ్వు చేయగలిగింది ఏమీ ఉండదు.

జరిగిన సంగతులు అడుగు. నేను బాలానగర్‌లో పనిచేసే రోజుల్లో, ఉద్యోగం మానేసి సొంతంగా మందుల యూనిట్ పెట్టి పైకొచ్చిన ఒకాయన ఉండేవారు. ధైర్యం గురించి కదిపితే చాలు, గంటసేపు వదిలేవారు కాదు. ఒకసారి ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ, "జీతం ఆగిపోయిన మొదటి నెల ఇల్లు ఎలా గడిచిందండీ?" అన్నాను. ఉస్మానియా బిస్కెట్ ముంచబోతున్న చెయ్యి ఆగింది. "మా ఆవిడ టీచరు కదా" అన్నారు. కాసేపాగి, ఉన్నది మామగారి ఇల్లేననీ, అద్దె బాధ లేదనీ చెప్పారు. అంతకుముందు విన్న ఉపన్యాసాలన్నిటికంటే ఆ రెండు ముక్కలే నాకు పనికొచ్చాయి. నువ్వు కూడా అడుగు: అప్పుడు చేతిలో డబ్బెంత, ఎవరిని సంప్రదించారు, ఏ ఉద్యోగం వద్దనుకున్నారు, ఎందుకు?

వాళ్ల కాలం ఎలాంటిదో కూడా చూసుకోవాలి. అంజిరెడ్డిగారు ఇక్కడి ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసి, 1984లో సొంత మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. అప్పట్లో 1970 నాటి పేటెంట్ చట్టం మందుకు కాక, దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంట్ ఇచ్చేది. వేరే పద్ధతి కనిపెడితే అదే మందు చేసుకోవచ్చు. మన ఊరి మందుల పరిశ్రమ ఎదుగుదలలో దానికి పెద్ద పాత్రే ఉంది. 2005 నుంచి మందుకే పేటెంట్ వచ్చింది, ఆ దారి ఇరుకైంది. ఆయన నడిచిన దారినే ఇవాళ నడుస్తానంటే కుదరదు. ఆనాడు ఏ దారి తెరిచి ఉందో ఆయన ఎలా పసిగట్టారన్నది మాత్రం ఇప్పటికీ తెలుసుకోదగ్గదే. వరప్రసాదరెడ్డిగారి సంగతీ అంతే. చదివింది ఎలక్ట్రానిక్స్, 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997 కల్లా హెపటైటిస్-బి టీకా తెచ్చారు. అలాంటివారు ఎదురైతే నేను ఒక్కటే అడుగుతాను: తనకు రాని విద్య తెలిసినవాళ్లను ఎలా వెతికి పట్టుకున్నారని.

మిగతావి చిన్న విషయాలు. అరగంట అడిగితే అరగంటకే లేచిపో. ఆవిడే కూర్చోమంటే వేరు. ఫోనులో రికార్డు చేయకు, మనిషి బిగుసుకుపోతుంది. తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో కూర్చుని గుర్తున్నది రాసుకో. ఉద్యోగం మాట ఆ రోజు ఎత్తకు. ఆవిడ చెప్పినదాంట్లో ఒక్కటైనా చేసి చూసి, ఏమైందో కొన్ని నెలల తర్వాత రాయి. సలహా అడిగేవాళ్లు బోలెడుమంది, ఫలితం చెప్పేవాళ్లు అరుదు. నాకు అలా రాసిన కుర్రాళ్లు ఇప్పటికీ పేర్లతో సహా గుర్తున్నారు.

ఇంకొకటి. ఆవిడ ఉద్యోగంలో చేరిన నాటి పద్ధతులు ఇప్పుడు లేవు. నీకంటే అయిదేళ్లు ముందున్నవాళ్లనూ ఒకరిని కలువు. మీ పెద్దమ్మ మేనల్లుడు మాదాపూర్‌లోనే పనిచేస్తున్నాడు. రేపు ఫోను చేసి వాడికి చెబుతాను, ఆదివారం ఇంటికి రా.

మీ పెదనాన్న