పక్షికి జీపీఎస్ కడితే ఏళ్లు గడిచేకొద్దీ దానికి హాని కాదా?

మీరడిగింది, వీపున జీపీఎస్ యంత్రం మోసే పక్షి ఏళ్ల తరబడి మామూలుగా బతకగలదా అని. కొన్ని బతుకుతాయి, కొన్నిటికి ప్రాణం మీదికొస్తుంది. బరువు ఎంతన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, ఎలా కట్టారన్నదీ చూడాలి.

మాది బరంపురం. రంభలో మా బావకు పడవ ఉంది. కొన్నేళ్ల కిందట చిలికా సరస్సులో బాతుల్ని పట్టి యంత్రాలు కట్టేవాళ్లు ఆ పడవ మాట్లాడుకుంటే సాయానికి నేనూ వెళ్లాను. పట్టెతల బాతు కళ్లకు గుడ్డ కప్పి కదలకుండా పట్టుకోవడం నా పని. దాని గుండె టకటకా కొట్టుకోవడం అరచేతికి తెలిసేది. యంత్రాన్ని వీపున నిలిపే పట్టీలు కుట్టేసే ముందు వాటి కింద వేలు దూర్చి చూసేవాళ్లు. "ఇంత వదులేంటండీ, జారిపోదూ?" అన్నాడు బావ. చలికాలం అయ్యాక ఉత్తరానికి బయల్దేరే ముందు అది బాగా తిని బలుస్తుందట, ఇప్పుడే బిగిస్తే అప్పుడు ఒరుసుకుంటుందట. పిల్లాడి మొలతాడు గుర్తొచ్చింది నాకు. బిగుతైతే తెంపి కొత్తది కడతాం. మంగోలియా వెళ్లిన బాతుకు ఎవరు తెంపుతారు? అలాగని మరీ వదిలేస్తే ముక్కో రెక్కో ఇరుక్కుంటుంది. వదిలాక ఆ బాతు నీళ్ల మీద చాలాసేపు పట్టీని పొడుచుకుంటూనే ఉంది.

యంత్రం పక్షి బరువులో 3 శాతం దాటకూడదని ఒక లెక్క వాడతారు. 2 కిలోల బాతుకు 60 గ్రాములు. అయితే కింగ్ పెంగ్విన్ల రెక్కకు గుర్తు కోసం వేసేది చిన్న లోహపు పట్టీయే, అందులో బ్యాటరీ కూడా ఉండదు. పదేళ్లు గమనిస్తే పట్టీ ఉన్నవి 39 శాతం తక్కువ పిల్లల్ని పెంచాయి, బతికి ఉండటం కూడా 16 శాతం తగ్గిందని 2011లో తేలింది. బరువు కంటే, ఈదేటప్పుడు నీటికి అది అడ్డుపడటమే ఇబ్బంది. గాలిలో ఎగిరేవాటికీ ఇదే బాధ. 2010లో 84 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా యంత్రాలున్న పక్షులకు శక్తి ఎక్కువ ఖర్చవుతోందని, గూడు పెట్టడం తగ్గుతోందని కనబడింది.

ఇవే పట్టెతల బాతులు యంత్రంతోనే హిమాలయాల దగ్గర 7,290 మీటర్ల ఎత్తుకు ఎగిరాయిగా అంటారు. నిజమే. కానీ సిగ్నల్ ఆగిపోయిన పక్షి సంగతేంటి? చచ్చిపోయిందో, యంత్రం పాడైందో, పట్టీ తెగి పడిపోయిందో ఆ సిగ్నల్‌ని బట్టి చెప్పలేం. అందుకే కాలికి రింగు మాత్రమే వేసిన బాతులు మరుసటి శీతాకాలం ఎన్ని తిరిగొచ్చాయో యంత్రమున్నవాటితో పోల్చి చూడాలి. డబ్బంతా యంత్రాలకే పోతే ఈ లెక్క ఎవరు రాస్తారు!

చిలికాలోని నలబణ పక్షుల దీవి వైపు వెళ్తే, యంత్రమున్న బాతు కనబడితే దగ్గరికి పోకుండా ఫొటో తీయండి. పట్టీ దగ్గర ఈకలు ఊడాయా, రెక్క వాలిందా అన్నది, కాలి రింగు రంగు, దానిమీది అక్షరాలు ఫొటోలో పడాలి. అటవీ శాఖ వాళ్లకు ఇస్తే పనికొస్తుంది.