బెంచి మీద గడిచిన కాలం కూడా రాయాలి

ప్రియమైన తమ్ముడికి,

భారత ఫుట్‌బాల్ జట్టు ఫార్వర్డ్, అంటే ముందుండి గోల్స్ కొట్టే ఆటగాడు, సునీల్ ఛెత్రి విదేశాల్లో ఆడిన రోజుల మీద నువ్వు రాసిన వ్యాసం నిదానంగా చదివాను. నీకు ఆట బాగా తెలుసని ప్రతి పేజీలోనూ కనిపిస్తోంది. అందుకే ఇంత వివరంగా జవాబు రాస్తున్నాను. నీ వ్యాసంలో గోల్స్ ఉన్నాయి, జెండా ఉంది, చప్పట్లున్నాయి. బెంచి మాత్రం లేదు, అంటే మైదానంలోకి దింపకుండా పక్కన కూర్చోబెట్టిన కాలం. మన దేశం నుంచి బయటికెళ్లిన ఫార్వర్డ్‌కి అక్కడ ఎక్కువ కాలం బెంచి మీదే గడిచింది. దాన్ని వదిలేస్తే అసలు కథ వదిలేసినట్టే.

2009 సంగతే తీసుకో. లండన్‌లోని క్వీన్స్ పార్క్ రేంజర్స్ అతనితో మూడేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. కానీ వర్క్ పర్మిట్ రాలేదు. భారత జట్టు ఫిఫా ర్యాంకింగ్స్‌లో మొదటి 70 స్థానాల్లో లేకపోవడమే కారణం. అప్పుడు మనం వంద దాటి ఎక్కడో ఉన్నాం. దీన్ని నువ్వు ‘దురదృష్టవశాత్తూ అవకాశం చేజారింది’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. అదృష్టానికి ఇక్కడ పనేముంది? క్లబ్బు ఒప్పుకుంది, ఆటగాడు ఒప్పుకున్నాడు. దేశం జట్టు ఏళ్ల తరబడి ఓడిపోయిన మ్యాచులన్నీ కలిసి ఒక్క మనిషి ఉద్యోగానికి అడ్డం పడ్డాయి. అతను ఎంత బాగా ఆడినా ఆ ర్యాంకు ఒక్కడి వల్ల మారేది కాదు. ఆ నిబంధన ఎందుకు పెట్టారో, దాని వల్ల ఎవరికి తలుపు తెరుచుకుందో, ఎవరికి మూసుకుపోయిందో వివరంగా రాయి. పాఠకుడికి కోపం రావాలంటే నువ్వు కోపంగా రాయక్కర్లేదు, ఆ నిబంధన అర్థమయ్యేలా చెబితే చాలు.

2010లో అమెరికాలోని కాన్సస్ సిటీ విజార్డ్స్‌కి వెళ్లాడు. మాంచెస్టర్ యునైటెడ్ మీద ఆడిన మ్యాచ్‌కి నువ్వు పేజీన్నర ఇచ్చావు. అది స్నేహపూర్వక మ్యాచ్, అందులోనూ సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. అక్కడి లీగ్‌లో మాత్రం అతనికి ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. ఈ మాట నీ వ్యాసంలో ఎక్కడా లేదు. నీకు తెలియక కాదు, చెబితే అతని గౌరవం తగ్గుతుందేమోనని దాచావు. దాచడం గౌరవం కాదు తమ్ముడూ. ఆ మాట ముందు చెప్పు, తర్వాత మాంచెస్టర్ మ్యాచ్ గురించి చెప్పు. అప్పుడు ఆ కొన్ని నిమిషాలకు విలువ వస్తుంది.

నీ వ్యాసంలో అన్నిటికన్నా బలంగా ఉండాల్సింది పోర్చుగల్ భాగం. 2012 సెప్టెంబర్ 2న ఢిల్లీలో నెహ్రూ కప్ ఫైనల్. కెప్టెన్‌గా కామెరూన్ మీద పెనాల్టీ గోల్ కొట్టి స్కోరు 2-2 చేశాడు, షూటౌట్‌లో మనం గెలిచాం. సరిగ్గా మూడు వారాలకు, సెప్టెంబర్ 23న, లిస్బన్ క్లబ్బు స్పోర్టింగ్ బి జట్టు తరఫున తొలిసారి మైదానంలోకి దిగాడు. ఫ్రెయముండె మీద రెండో డివిజన్ మ్యాచ్. దిగింది 85వ నిమిషంలో.

ఆ ఐదు నిమిషాలను దగ్గరగా చూడు. బి జట్టు అంటే ముఖ్యంగా కుర్రాళ్ల కోసం. చాలామంది ఒకే అకాడమీలో కలిసి పెరిగినవాళ్లు, ఎవడు ఎటు పరిగెడతాడో తల ఎత్తకుండానే తెలిసినవాళ్లు. ఇతనికి 28 ఏళ్లు, భాష కొత్త. ఫార్వర్డ్ ఎంత చురుగ్గా ఖాళీలోకి పరిగెత్తినా, ఆ పరుగు చూసి పాస్ ఇచ్చేవాడు ఒకడు ఉండాలి. ఆ పరిచయం ప్రాక్టీసులో మొదలై మ్యాచుల్లో గట్టిపడుతుంది. మ్యాచులు దొరక్కపోతే పరిచయం కుదరదు, పరిచయం లేకపోతే బంతి రాదు, బంతి రాకపోతే కోచ్ మళ్లీ బెంచి మీదే కూర్చోబెడతాడు. కొన్ని నెలలకే, 2013లో, అతను లోన్ మీద, అంటే తాత్కాలికంగా, గోవా క్లబ్బు చర్చిల్ బ్రదర్స్‌కి ఆడటానికి తిరిగొచ్చేశాడు. కారణాలు ఇలా పేర్చి చూపిస్తే ‘అక్కడ రాణించలేకపోయాడు’ అనే వాక్యం నీకు అవసరమే పడదు.

ఇక్కడే నువ్వు ‘ఆ రాత్రి అతని కళ్లు చెమర్చాయి’ అని రాశావు. నువ్వు చూశావా? అతను ఎక్కడైనా చెప్పాడా? లేకపోతే కొట్టెయ్. బతికున్న మనిషి మనసులోకి మనం జొరబడకూడదు.

ఛెత్రి కన్నా ముందే విదేశాల్లో ఆడిన బైచుంగ్ భూటియా గురించి నాలుగు లైన్లే రాశావు, అవి పెంచు. 1999 అక్టోబర్‌లో ఇంగ్లండ్ మూడో అంచె లీగ్‌లో బరీ క్లబ్బుకి ఆడటం మొదలుపెట్టాడు. తొలి లీగ్ గోల్ 2000 ఏప్రిల్‌లో వచ్చింది. మధ్యలో చలికాలం మొత్తం గడిచిపోయింది. సిక్కిం కొండల్లో పుట్టి, కోల్‌కతాలో స్టార్ అయిన స్ట్రైకర్ ఆ నెలలు ఎలా నెట్టుకొచ్చాడో అప్పటి మ్యాచ్ రిపోర్టుల్లో వెతుకు. గోల్ పడిన రోజు కన్నా పడని రోజుల రిపోర్టులే నీకు ఎక్కువ పనికొస్తాయి.

భాష విషయంలో ఒక్కటే చెబుతాను. ‘గోల్స్ వర్షం’, ‘విజయ దుందుభి’, ‘ప్రత్యర్థుల గుండెల్లో రైళ్లు’ తీసెయ్. డెడ్‌లైన్ టెన్షన్‌లో రాసే రిపోర్టర్‌కి అవి అక్కరకొస్తాయేమో, తీరిగ్గా రాసే నీకు వద్దు. బంతి ఎటు నుంచి వచ్చింది, ఏ కాలితో ఆపాడు, డిఫెండర్ ఏ వైపు ఉన్నాడు, అది రాయి.

ఛెత్రిని ‘మన సికింద్రాబాద్ బిడ్డ’ అన్నావు. పుట్టింది అక్కడే, నిజమే. కానీ తండ్రిది సైన్యంలో ఉద్యోగం, పిల్లవాడు పెరిగింది వేరే ఊళ్లలో. పుట్టిన ఊరు ఒక వాక్యంలో చెప్పి వదిలెయ్. మన ప్రాంతం గురించే రాయాలని ఉంటే నిజామాబాద్ ప్రాంతం నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఉంది. ఆమె కూడా ఫార్వర్డే, 2022లో క్రొయేషియా వెళ్లి డినామో జాగ్రెబ్‌కి ఆడింది. ఆమె ఆట మొదలైన మైదానానికి నువ్వు బస్సెక్కి వెళ్లొచ్చు. మన పత్రికల్లో ఆమె గురించి వచ్చింది చాలా తక్కువ, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఛెత్రి వ్యాసం పూర్తవగానే ఆ పని మొదలుపెట్టు.

ఇంకో మాట. చివర్లో ‘అయినా 2024 జూన్ నాటికి 94 అంతర్జాతీయ గోల్స్ కొట్టి అందరి నోళ్లూ మూయించాడు’ అని ముగించావు. ఆ గోల్స్ గొప్పవే, కానీ లిస్బన్‌లో జరిగినదానికి అవి జవాబు కావు. అక్కడ కుదరలేదు, ఇక్కడ కుదిరింది. రెండింటినీ పక్కపక్కనే ఉండనీ.

మొత్తం తిరగరాసేదాకా ఆగొద్దు. ముందు పోర్చుగల్ భాగం ఒక్కటే రాసి పంపు, చదివి వెంటనే చెబుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య