నెల్లూరు నుంచి చెన్నైకి రెండు రోజులు వెళ్తున్నాం. ఆ ట్రిప్‌లోనే నాన్నగారికి యాంజియోగ్రామ్ చేయించొచ్చా?

చేయించొచ్చు. వెళ్లిన రోజే చేయించండి, తిరుగు టికెట్ మాత్రం తర్వాత చూసుకోండి. మామూలుగా మణికట్టు దగ్గర మత్తిచ్చి, సన్నని గొట్టం పంపి, రంగుమందు ఎక్కించి ఎక్స్‌రేలో గుండె రక్తనాళాలు చూస్తారు. అరగంట పని, చాలామందిని సాయంత్రానికే పంపేస్తారు. తొడ దగ్గర నుంచి చేస్తే కొన్ని గంటలు కాలు కదపకుండా పడుకోవాలి.

అసలు టెన్షన్ వేరే. బ్లాక్ కనిపిస్తే అప్పటికప్పుడే స్టెంట్ (రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేద్దామనొచ్చు. అప్పుడు కనీసం ఒక రాత్రి ఉండాల్సి రావచ్చు. కాబట్టి నిర్ణయం తీసుకోగల మనిషి, ఇన్సూరెన్స్ కాగితాలు పక్కనే ఉండాలి. రంగుమందు కిడ్నీల మీద పడొచ్చు, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ రిపోర్టు తీసుకెళ్లండి. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పండి.

బాగుంటే మర్నాడు మెరీనాలో కాసేపు కూర్చోవచ్చు. టీ.నగర్ సంచులు మాత్రం గొట్టం పంపిన చేత్తో మోయనివ్వకండి. గొట్టం పంపిన చోట రక్తం కారితే గట్టిగా నొక్కిపట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి.